కర్నూలులో వెంచర్‌కు రేడియో, ఫేస్‌బుక్ ప్రచారం ఎలా చేయాలి? ప్లాటుతో హెల్త్ ఇన్సూరెన్స్ ఫ్రీ అనొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. నంద్యాల రోడ్డు వైపు మీ కుటుంబం, ఇద్దరు భాగస్వాములు కలిసి ఆరెకరాల్లో వెంచర్ వేస్తున్నారు. కుడాలో (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఫైలు నడుస్తోంది, అనుమతి ఇంకా చేతికి రాలేదు. ఈలోపే రేడియోలో, ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలుపెట్టి బుకింగులు తీసుకుందామని భాగస్వాములు తొందరపడుతున్నారు. దానికి తోడు "ప్లాటు కొన్న ప్రతి కుటుంబానికి 5 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉచితం, ఇక ఆరోగ్యశ్రీ కోసం తిరగక్కర్లేదు" అని ఒక ఆఫర్ పెడదామంటున్నారు. ఇందులో ఏది పనికొస్తుంది, ఏది వద్దు అని మీ ప్రశ్న.

నేను కర్నూలులో ప్రకటనల పనిలోనే ఉన్నాను. గోడరాతలు, కేబుల్ టీవీ స్క్రోలింగుల కాలం నుంచి వెంచర్ల ప్రచారం చేస్తూ వచ్చాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. కొనేవాడు రేపు పొద్దున ఆఫీసుకొచ్చి "చూపించండి" అంటే కాగితం తీసి చూపించగలిగిందే ప్రకటనలో చెప్పండి. ఆ లెక్కన రేడియో మంచిదే, ఫేస్‌బుక్ మంచిదే. ఇన్సూరెన్స్ ఆఫర్ మాత్రం వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు తొందర సంగతి. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు ఏ ప్రచారమూ వద్దు. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ఏ లేఅవుట్‌నైనా నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. మన లెక్కలో అది పన్నెండు సెంట్ల పైచిలుకే. మీది ఆరెకరాలు. "మేం ప్రకటన ఇవ్వడం లేదు, వాట్సాప్ స్టేటస్ పెడుతున్నాం అంతే" అని చాలామంది అనుకుంటారు. చట్టం ప్రకటనకిచ్చిన నిర్వచనంలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా వస్తుంది. స్టేటస్, కరపత్రం, బంధువుల గ్రూపులో పెట్టిన బ్రోచరు, అన్నీ లెక్కే. ప్రీ లాంచ్ ఆఫర్ అని పేరు మార్చినా తేడా లేదు. నమోదు లేకుండా దొరికితే ప్రాజెక్టు అంచనా విలువలో 10 శాతం దాకా జరిమానా పడుతుంది. మీ వెంచర్‌లో మిగిలే లాభంలో అది ఎంత భాగమో మీ భాగస్వాములనే లెక్క వేసి చూడమనండి.

నంబరు వచ్చాక కూడా ప్రతి ప్రకటనలో ఆ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా ఉండాలి. అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో పెట్టి ఆ ప్రాజెక్టు భూమికి, పనులకే వాడాలి. మీ కోసం అమ్మిపెట్టే ఏజెంట్లకు కూడా రెరా నమోదు ఉండాలి. మన దగ్గర కమీషన్ మీద పనిచేసే కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. మీ పేరు మీద వాళ్లు ఏ పోస్టు పెట్టినా ఫిర్యాదు మీ దగ్గరికే వస్తుంది కాబట్టి, పోస్టులన్నీ మీ ఆఫీసు నుంచే తయారై వెళ్లాలని ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇక రేడియో. "ఇప్పుడు రేడియో ఎవరు వింటారు" అని మీ భాగస్వామి అన్నారని రాశారు. నేను ఒప్పుకోను. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఆకాశవాణి కేంద్రాలున్నాయి. కడపది మీడియం వేవ్, సీమలో చాలా ఊళ్లకు వినిపిస్తుంది. కర్నూలు, అనంతపురం కేంద్రాలు ఎఫ్‌ఎం. దేశంలో 234 కొత్త నగరాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్లకు వేలం వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఒప్పుకుంది. మన కర్నూలు, కడప, అనంతపురం ఆ జాబితాలో ఉన్నాయి. అవి గాల్లోకి వచ్చేదాకా ఇక్కడ రేడియో అంటే ఆకాశవాణే. అది మీకు మంచిదే. ఆ పేరు మీద జనానికి ఉన్న నమ్మకం వేరు.

వినేవాళ్లు ఎవరు? పొలంలో ఫోన్‌లో రేడియో పెట్టుకునే రైతు, మిషన్ కుట్టే ఇల్లాలు, కిరాణా కొట్టు ఆయన, ఆటో డ్రైవరు, రిటైరైన టీచరు. వీళ్లంతా మీ దగ్గర ప్లాటు కొంటారని నేను అనను. కానీ కర్నూలులో ప్లాటు కొనేది ఒక్కరి నిర్ణయం కాదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకు ఫేస్‌బుక్‌లో వీడియో చూస్తాడు, నచ్చితే నాయనకు ఫోన్ చేస్తాడు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉన్న నాయన, మేనమామను వెంటబెట్టుకుని వచ్చి చూస్తాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నాయన "ఆ పేరు రేడియోలో వస్తుంది కదా, చూసొస్తాలే" అన్నాడంటే మీ రేడియో ఖర్చు తిరిగొచ్చినట్టే. రేడియో పని అమ్మడం కాదు, పెద్దవాళ్ల చెవిలో పేరు పడేలా చేయడం. కొడుకు చూసేది ఒకచోట, తండ్రి వినేది ఇంకోచోట. రెండూ ఒకే వారాల్లో నడిస్తేనే ఫలితం. రేడియో ఇప్పుడు, ఫేస్‌బుక్ మూడు నెలల తర్వాత అని విడగొట్టుకుంటే రెండు ఖర్చులూ వృథా అవుతాయి.

స్పాట్ రాసేటప్పుడు చేసే పెద్ద తప్పు, బ్రోచరులో ఉన్నదంతా ముప్పై సెకన్లలో కుక్కడం. ముప్పై సెకన్లలో హాయిగా చదివితే యాభై అరవై మాటలకు మించి పట్టవు. పైగా అందులో రెరా నంబరు, వెబ్‌సైట్, ఫోన్ నంబరు చెప్పాలి. చివర్లో వేగంగా చదివేసి ముగించొద్దు. ఆ నంబరే మీ బలం, నెమ్మదిగా చెప్పించండి. నేనైతే ఇలా రాస్తాను: "కర్నూలు నంద్యాల రోడ్డులో కుడా అనుమతి, రెరా నమోదు ఉన్న లేఅవుట్. నలభై అడుగుల రోడ్లు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు మా ఆఫీసులో మీ వకీలుతో వచ్చి చూసుకోండి. నచ్చితేనే మాట్లాడుకుందాం." ఆ తర్వాత నంబర్లు. (ఈసీ అంటే భూమి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే కాగితం. లింకు డాక్యుమెంట్లు అంటే భూమి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు.) ఇందులో "కలల సౌధం" లేదు, "బంగారు భవిష్యత్తు" లేదు. "మీ వకీలుతో వచ్చి చూసుకోండి" అన్న ముక్కకు వచ్చే ఫోన్లు వేరే ఏ మాటకూ రావు. ఎందుకంటే మన సీమలో భూమి కొనేవాడి మనసులో ఉండే మొదటి భయం ధర కాదు, టైటిల్. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమేమో, రికార్డుల్లో యజమాని పేరుకు బదులు చుక్కలున్న చుక్కల భూమేమో, రిజిస్ట్రేషన్ చేయని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో అని టెన్షన్. ఆ టెన్షన్ తీసేసేదే మంచి ప్రకటన.

గొంతు మన ప్రాంతపు గొంతు అయితే బాగుంటుంది కానీ యాసను సినిమాల్లో చూపించినట్టు వెటకారంగా పలికించొద్దు. మనవాళ్లకు అది నచ్చదు. వేళ విషయంలో, పొద్దున ప్రాంతీయ వార్తలకు అటూ ఇటూ, సాయంత్రం రైతుల కార్యక్రమాల దగ్గర అడగండి. రోజుకు ఒకటి చొప్పున నెలంతా వేయడంకన్నా, రోజుకు నాలుగైదు చొప్పున పది రోజులు వేయడం మేలు. ఆషాఢంలో, మౌఢ్యంలో డబ్బు పోయొద్దు. ఎవరూ రిజిస్ట్రేషన్‌కు రారు. శ్రావణం, దసరా ముందు, ఆదోని యార్డులో పత్తి అమ్మి రైతు చేతిలో డబ్బు ఆడే నెలలు, ఉగాది. ఇవి మీ సీజన్లు.

ఆన్‌లైన్ గురించి కొంచెం తక్కువే రాస్తాను, దాని మీద చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫేస్‌బుక్ లీడ్ ఫారాలతో వందల పేర్లు వస్తాయి, అందులో ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ, సైటుకొచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఫారంలో "ఏ నెలలో కొనాలనుకుంటున్నారు", "బ్యాంకు లోనా, చేతి డబ్బా" అని రెండు ప్రశ్నలు పెడితే పేర్లు తగ్గుతాయి, పనికొచ్చేవి మిగులుతాయి. కర్నూలు చుట్టూ ఒక భాగం, హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక భాగం పెట్టండి. మీది కడప వైపు వెంచర్ అయ్యుంటే కువైట్‌ను కూడా చేర్చమని చెప్పేవాణ్ని. రాయచోటి, రాజంపేట వాళ్లు అక్కడి నుంచే కొంటారు.

డ్రోన్ వీడియో అందరూ తీస్తారు. పైనుంచి చూస్తే ప్రతి వెంచర్ ఒకలాగే కనిపిస్తుంది. మీరు మెయిన్ రోడ్డు దగ్గర ఫోన్ ఆన్ చేసి, కట్ చేయకుండా సైటు దాకా నడిచి చూపించండి. రోడ్డు అడ్డంగా టేపు పట్టి కొలిచి చూపించండి. సర్వే రాయి చూపించండి. బోరు వేసి ఉంటే మోటారు ఆన్ చేసి నీళ్లు చూపించండి. కింద కామెంట్లలో "ధర ఎంత" అని అడిగితే "ఇన్‌బాక్స్ చూడండి" అనొద్దు. సెంటు ధర అక్కడే అందరికీ కనపడేలా రాయండి. ధర దాచినవాడు ఇంకా ఏదో దాస్తున్నాడనే అనుకుంటారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకే ఫోన్ చేసిన ప్రతివారినీ నంబరు సేవ్ చేసుకోమని అడగండి. ఎవరో అమ్మే ఫోన్ నంబర్ల లిస్టులు మాత్రం కొనొద్దు. వాళ్లు ఒప్పుకోకుండా కాల్స్, మెసేజ్‌లు పంపితే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల కింద మీ నంబరే ఆగిపోతుంది. యూట్యూబర్‌కు డబ్బిచ్చి వీడియో చేయిస్తే అది డబ్బు తీసుకుని చేసిన ప్రచారమని అందులో స్పష్టంగా ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రచారం చేసిపెట్టినవాడికీ అది వర్తిస్తుంది.

ఒక చిన్న పని తప్పకుండా చేయండి. రేడియోలో ఒక ఫోన్ నంబరు, ఫేస్‌బుక్‌లో ఇంకొకటి, రోడ్డు పక్క హోర్డింగులో మూడోది పెట్టండి. ఏ డబ్బు ఎక్కడ పనిచేసిందో నెలలో తేలిపోతుంది.

ఇప్పుడు మీ బ్రోచరు డ్రాఫ్టులో నాకు నచ్చని లైను. "రాబోయే హైకోర్టు బెంచ్‌కు దగ్గర్లో" అని రాసుకున్నారు. తీసేయండి. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చి కర్నూలు న్యాయ రాజధాని అన్నప్పుడు ఈ ఊళ్లో ఎన్ని బోర్డులు లేచాయో మీరూ చూసే ఉంటారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చిలో హైకోర్టు అమరావతి పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పుడు అప్పుచేసి కొన్నవాళ్లు వడ్డీలు కడుతూ కూర్చున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. బెంచ్ రావాలని నేనూ కోరుకుంటాను. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉండి పోగొట్టుకున్న ఊరు ఇది, ఆ కోరికలో న్యాయం ఉంది. కానీ అది కోర్టులు, ప్రభుత్వాలు తేల్చే విషయం. మీరు అమ్ముకునే సరుకు కాదు. కడప వాళ్లను అడగండి. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో జమ్మలమడుగు దగ్గర, 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో, 2023 ఫిబ్రవరిలో మళ్లీ పునాదిరాళ్లు పడ్డాయి. ప్రతి రాయి చుట్టూ ప్లాట్లు అమ్ముడుపోయాయి. ఉన్నది చెప్పండి. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది, ఉంది. మీ సైటు నుంచి అక్కడికి ఎన్ని కిలోమీటర్లో రోడ్డు మీద కొలిచి రాయండి. రెరా సెక్షన్ 12 ప్రకారం ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి అడ్వాన్స్ ఇచ్చినవాడు నష్టపరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే వడ్డీతో డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. పైగా ఆకాశవాణి ప్రకటనల నియమావళి రాజకీయ ప్రయోజనం ఉన్న ప్రకటనలను ఒప్పుకోదు.

ఇన్సూరెన్స్ ఆఫర్ కూడా ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ ఆడుకునేది జనం ప్రాణాలతో. అందుకే దీని మీద కొంచెం గట్టిగా మాట్లాడతాను.

"ఆరోగ్యశ్రీ కోసం తిరగక్కర్లేదు" అన్న లైను మీ భాగస్వామికి ఎందుకు తట్టిందో నాకు తెలుసు. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, ఎన్టీఆర్ వైద్య సేవ అయి, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. వైద్యం ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. ఇంకోవైపు బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం పాత ప్రభుత్వంలోనూ చూశాం, కొత్త ప్రభుత్వంలోనూ చూశాం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 2.5 లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు ద్వారా అనే పద్ధతికి ఒప్పుకుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవ్వడం మంచిదా, ట్రస్టే నడపడం మంచిదా అన్నది పెద్ద చర్చ. మొదట్లో కంపెనీ ద్వారానే నడిచి తర్వాత ట్రస్టుకు మారిన పథకం ఇది. నా మటుకు నాకు, గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకోవాల్సిన అవసరం తప్పించిన పథకాన్ని ఏ పార్టీ పేరుతో పిలిచినా కాపాడుకోవాలి. బకాయిల గొడవ వల్ల జనంలో పుట్టిన భయాన్ని ప్లాట్లు అమ్మడానికి వాడుకోవడం తప్పు. ఆ ప్రకటన విని ఒక్క పేద కుటుంబం "ఇక కార్డు పనిచేయదేమో" అనుకుని పెద్దాసుపత్రికి ఆలస్యంగా వెళ్లినా ఆ పాపం మనదే.

నైతికం పక్కన పెట్టినా, ఆ ఆఫర్ నిలబడదు. మీరు ఇద్దామనుకునేది రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకటి, కొన్న ప్రతివారి పేరు మీద విడి పాలసీ తీసి ఏడాది ప్రీమియం మీరు కట్టడం. అందులో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిమ్ రాదు. ముందే ఉన్న షుగరు, బీపీ లాంటి జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాలి. నాలుగేళ్లుండే ఈ గడువును 2024లో మూడేళ్లకు తగ్గించారు, అయినా మీరిచ్చేది ఒక్క ఏడాదే కదా. మోకాలి చిప్పల మార్పిడి, శుక్లాలు, హెర్నియాలకు చాలా పాలసీల్లో రెండేళ్లు. మన ఊళ్లో ప్లాటు కొనే యాభై ఏళ్ల మనిషికి అవసరమయ్యేవి సరిగ్గా ఇవే. వాళ్లమ్మకు ఆపరేషన్ అని ఆసుపత్రిలో చేర్చి, క్లెయిమ్ రాకపోతే ఆ కుటుంబం ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయదు. మీ ఆఫీసు ముందుకొస్తుంది. ఇంకో సంగతి, జబ్బుల వివరాలు కొనేవాడే ఫారంలో నిజం రాయాలి. మీ కుర్రాడు తొందరలో అన్నిటికీ "లేదు" అని టిక్ పెడితే పాలసీయే రద్దవుతుంది.

రెండోది గ్రూప్ పాలసీ. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఇన్సూరెన్స్ తీసుకోవడం కోసమే కూడిన గుంపుకు గ్రూప్ పాలసీ ఇవ్వకూడదు. ప్లాట్లు కొన్నవాళ్లను ఒక గ్రూపుగా చూపిస్తే కంపెనీ వంద ప్రశ్నలు వేస్తుంది, సరైనవే వేస్తుంది. "జీఎస్టీ తీసేశారు కదా, చవక" అని మీ భాగస్వామి అన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ పోయింది విడి పాలసీలకు. గ్రూప్ పాలసీలకు కాదు. వీటన్నిటి మీద ఇంకొకటి. ఇన్సూరెన్స్ అమ్మే లైసెన్సు లేని మీరు పాలసీ పేరుతో రేడియోలో, ఫేస్‌బుక్‌లో ప్రచారం చేయడమే చిక్కు. ఏ ఏజెంటో "నేను చూసుకుంటాలే సార్" అంటే ఆయన కమీషన్ ఆయన చూసుకుంటున్నాడని అర్థం.

ఆ డబ్బు ఏం చేయాలని అడిగితే, సెంటు ధర తగ్గించండి. లేదా లేఅవుట్‌లో పార్కు స్థలానికి కంచె వేసి చెట్లు నాటించి, నీళ్ల ట్యాంకు ముందే కట్టేయండి. సైటుకొచ్చినవాడికి కళ్లతో చూసింది పాలసీ కాగితం కన్నా ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

నిజంగానే ఆరోగ్యం గురించి ఏదైనా చేయాలనిపిస్తే మీ దగ్గర పనిచేసేవాళ్లతో మొదలుపెట్టండి. ఆఫీసులో పదిమంది ఉంటే 21,000 లోపు జీతం వాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మీ బాధ్యత, ఇష్టం కాదు. అంతకన్నా తక్కువమంది ఉంటే ఆఫీసు ఉద్యోగులకు గ్రూప్ హెల్త్ పాలసీ తీసుకోండి. ఇది అసలైన యజమాని, ఉద్యోగి సంబంధం కాబట్టి ఏ చిక్కూ లేదు. చిన్న ఆఫీసులకు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉండాలని, కాన్పు ఖర్చు చేర్చాలని అడగండి. రోడ్లు, డ్రైనేజీ పనిచేసే మేస్త్రీలు, కూలీలను భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉండి, వయసు 18 నుంచి 60 మధ్య ఉంటే అర్హత ఉంటుంది. పని చేసినట్టు మీరిచ్చే సర్టిఫికెట్ వాళ్లకు అవసరం. అడిగేదాకా ఆగకుండా ఇచ్చేయండి.

కుడా అనుమతి వచ్చి రెరా నంబరు పడ్డాక రేడియో స్క్రిప్టు రాసుకుని ఇక్కడే పెట్టండి. చదివి ఏ మాట తీయాలో చెప్తాను.